రాకాసి గూట్లో ఉన్నాడా, ఉందా?

ఊరి బయట మెట్ట మీదున్న రాతిగదిని అందరూ రాకాసి గూడు అంటారు. నాలుగు బండలు నిలబెట్టి, పైన ఇంకో బండ మూతేశారు. తూర్పు బండకు మాత్రం మనిషి పాక్కుంటూ దూరేంత గుండ్రటి కన్నం తొలిచారు. ఎవరు తొలిచారో, ఎందుకు తొలిచారో తవ్వకాలవాళ్ళొచ్చి ఇది సమాధి అని చెప్పేదాకా ఎవరికీ తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే. చీకటి పడ్డాక అటు వెళ్ళకూడదు.

వెళితే ఏమవుతుంది?

కన్నంలోంచి ఒక గొంతు అడుగుతుందట... 'నేనెవర్ని?' అని.

అంతే. పీక పట్టుకోదు, రక్తం తాగదు. మర్యాదగా ఒక ప్రశ్న అడుగుతుంది. తప్పు చెప్పినవాళ్ళకు మూడు రోజుల జ్వరం. దెయ్యమనీ, రాకాసనీ చూడకుండానే తేల్చేసినవాళ్ళందరికీ జ్వరమే వచ్చిందట. ఒప్పు ఏమిటో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

తవ్వకాల పెద్దాయనకు ఈ సంగతి చెబితే కడుపుబ్బ నవ్వాడు. "నన్నడగమనండి, చెబుతాను. నువ్వు వీరుడివయ్యా అంటాను!"

ఆయన ధీమా ఆయనకుంది. గదిలో చుట్టూ ఎర్రటివీ నల్లటివీ కుండలు, మధ్యలో అస్థిపంజరం, దాని పక్కన మూరన్నర ఇనుప కత్తి దొరికాయి. కత్తి కనబడగానే పెద్దాయన 'వీరుడు' అన్నాడు. సాయంత్రానికి పత్రికలవాళ్ళతో అన్నాడు. వారం తిరక్కుండా బోర్డు రాయించాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన రాస్తున్న పుస్తకంలో అన్నీ ఉన్నాయి, వీరుడొక్కడే తక్కువ.

కాదన్నది ఒక్కతే. ఎముకలు చూసి అవి ఎవరివో చెప్పడం ఆమె ఉద్యోగం. పనివాళ్ళు ఎముకలమ్మ అని పిలుచుకునేవాళ్ళు.

"సార్, కటి ఎముక చూశారా? మగవాళ్ళకు ఇంత వెడల్పుండదు. ఆడమనిషండీ."

"ఆడమనిషికి కత్తెందుకమ్మా? కూరలు తరగడానికా?"

"మీ ఇంట్లో ఎవరు తరుగుతారో నాకు తెలియదు గానీ, ఈవిడ కుడిచెయ్యి చూస్తే తరిగింది కూరలు కావనే—"

పెద్దాయన ఆ మాట పూర్తిగా వినలేదు. అది ఆయన అలవాటు. ఎదుటివాళ్ళ వాక్యం సగంలో ఉండగానే తన వాక్యం మొదలుపెడతాడు.

మర్నాడు పొద్దున్నే మ్యూజియం బండి వస్తుంది. ఎముకలు పెట్టెలోకి, పెట్టె మీదికి ఆయన సంతకం చేసిన పత్రం. ఒకసారి సీలు పడిందంటే మళ్ళీ విప్పి చూసే ఓపిక ఏ మహానుభావుడికీ ఉండదు. పత్రంలో ఆయన రాసింది ఒకే వాక్యం. 'ఇందులో ఒక వీరుడు పడుకొని ఉన్నాడు.'

"ఉన్నాడు కాదండీ, ఉంది" అంది ఎముకలమ్మ, ఆఖరి ప్రయత్నంగా.

"ఉంది అని రాస్తే కుండ అనుకుంటారు."

అదీ నిజమే మరి. మన వ్యాకరణం ఆడమనిషినీ కుండనీ ఒకే పీట మీద కూర్చోబెట్టింది. కుండ ఉంది, ఆమె ఉంది. కుండ పగిలింది, ఆమె పోయింది.

"పోనీ, ఉన్నారు అనండి."

"చచ్చి మూడువేల ఏళ్ళయిన ఆడదానికి గౌరవ వాచకమా! ఇంట్లో బతికున్నదానికే దిక్కు లేదు" అని తన జోకుకు తనే నవ్వుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ రాత్రి సంతకం పెడదామని బసలో బల్ల ముందు కూర్చుంటే కళ్ళజోడు కనబడలేదు. సాయంత్రం ఫొటోల గొడవలో కన్నం పక్క బండ మీద పెట్టి మరిచిపోయాడు. అది లేకపోతే ఆయనకు అక్షరాలన్నీ చీమల బారే. ఆడా మగా తేడా మాత్రం కళ్ళజోడు ఉన్నప్పుడూ తెలియలేదనుకోండి.

టార్చి పట్టుకుని బయల్దేరాడు. మెట్ట కింద కాపలా మనిషి ఎదురొచ్చాడు.

"సారూ, ఇప్పుడెళ్ళకండి. లోపల—"

"దెయ్యముంది. అంతేనా?"

"అది కాదు సారూ, ఆ అమ్మ—"

"ఓహో, ఆడదెయ్యమా! మీరు కూడా ఎముకలమ్మ దగ్గర చదువుకుంటున్నారన్నమాట!"

కాపలా మనిషి దారి వదిలి పక్కకు జరిగాడు. వినని మనిషికి ఎన్నిసార్లని చెబుతాడు?

మెట్ట సగం ఎక్కేసరికి టార్చి రెండుసార్లు మినుకుమంది. మూడోసారి ఆరిపోయింది. గది చుట్టూ వలయంగా పాతిన రాళ్ళు చీకట్లో ఎవరో గొంతుక్కూర్చున్నట్టు కనబడ్డాయి. కీచురాళ్ళు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి. రాళ్ళే కదా, పగలు తనే కొలిచినవే కదా, అనుకుంటూ బండ మీద కళ్ళజోడు కోసం తడిమాడు.

అప్పుడు చూశాడు.

కన్నంలో వెలుతురు... ఎర్రగా... కదులుతోంది.

ఆ వెంటనే గొంతు. కుండలోంచి మాట్లాడినట్టు, బోలుగా —

"నేను... తూర్పు వైపు కాళ్ళు చాపి... పడుకున్నాను..."

పెద్దాయన వెనక్కి తిరుగుదామనుకున్నాడు. కళ్ళజోడు ఇంకా చేతికి చిక్కలేదు.

"వయసు... నలభై దాటలేదు. నా దవడ నున్నన... నా కటి వెడల్పు..."

నేను అనే మాటలో ఆడా మగా ఉండదు. పడుకున్నాను అంటే ఎవరైనా పడుకుని ఉండొచ్చు. ఆ సందులోంచి కాస్త ధైర్యం తెచ్చుకుని, "వీరుడే... వీరుడే..." అని గొణుక్కున్నాడు పెద్దాయన.

"నా కుడిచేతి ఎముక మీద గీతలు లోతు... ఏళ్ళ తరబడి బరువెత్తిన చెయ్యి. ఎడమ ముంజెయ్యి... విరిగి, అతుక్కుంది. దెబ్బ కాచుకున్న చెయ్యి..."

గొంతు ఆగింది.

కీచురాళ్ళూ ఆగాయి.

ఆ నిశ్శబ్దంలో, సరిగ్గా చెవి పక్కన, చాలా మెల్లగా...

"నేనెవర్ని?"

"వీ—" అన్నాడు పెద్దాయన. రెండో అక్షరం రాలేదు.

నిజం చెప్పాలంటే ఆ కటి ఎముకను ఆయనా చూశాడు. మొదటి రోజే చూశాడు. చూసి, మొహం కత్తి వైపు తిప్పుకున్నాడు.

"ఆడవారే తల్లీ!" అని అరిచాడు. "మీరు ఆడవారే! నాకు తెలుసు, మొదటి రోజే తెలుసు! పుస్తకం కోసం అలా రాశాను... రేపు దిద్దేస్తాను, ఒట్టు!"

కన్నంలోంచి ఒక తల బయటికొచ్చింది. "ఎవరండీ అక్కడ?"

అది వినడానికి ఆయన అక్కడ లేడు. ఒక చెప్పు మాత్రం ఉంది.

పొద్దున్న ఎముకలు పెట్టెలో సర్దడం అయ్యాక ఎముకలమ్మ రేకుల షెడ్డులోకి వచ్చింది. ఒక చేతిలో చెప్పు, ఇంకో చేతిలో కళ్ళజోడు. పెద్దాయన తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు.

"రాత్రి లోపలున్నది నేనేనండీ. పగలంతా మీ ఫొటోలతో కుదరలేదు. బండి వచ్చేలోగా మళ్ళీ ఒకసారి కొలుచుకుందామని లాంతరు పట్టుకుని వెళ్ళాను. కాపలా ఆయనకు చెప్పానే, మీకు చెప్పలేదా?"

కాపలా మనిషి షెడ్డు పైకప్పు వైపు చూశాడు.

"నువ్వా!" పెద్దాయన తువ్వాలు పీకి పారేశాడు. "మరి ఆ నేను, నేను అనడం ఏమిటమ్మా?"

"నా పద్ధతి అది. ఎముక చేతిలో పట్టుకుని, నేను అనుకుంటూ ఫోనులో రికార్డు చేసుకుంటాను. ఇది, అది అన్నామంటే తోచిందల్లా రాసేస్తాం. నేను అంటే అబద్ధానికి నోరు రాదు." ఫోను బల్ల మీద పెట్టి నొక్కింది. 'నాకు తెలుసు, మొదటి రోజే తెలుసు...' అని పెద్దాయన గొంతే షెడ్డంతా మోగింది.

"ఆపు, ఆపు తల్లీ!"

కళ్ళజోడు పెట్టుకున్నాడు. పత్రం తీశాడు. వీరుడిని కొట్టేసి వీరురాలు అని రాశాడు. ఉన్నాడును కొట్టేసి, పళ్ళు కొరుకుతూ, ఉంది అని రాశాడు. సంతకం పెట్టాడు.

ఇక మిగిలింది అలక ఒక్కటే. "అంతా బాగుంది గానీ, పెద్దవాణ్ణి పట్టుకుని చివర్లో 'నేనెవర్ని' అని అలా అడగొచ్చా? నా గుండె ఆగిపోతే?"

ఎముకలమ్మ నవ్వబోయి ఆగింది.

"నేనెందుకడుగుతానండీ? ఆవిడెవరో నాకు తెలుసుగా."

ఫోను మళ్ళీ నొక్కింది. ఆమె గొంతు... 'దెబ్బ కాచుకున్న చెయ్యి'. తర్వాత కీచురాళ్ళు. కీచురాళ్ళు ఆగాయి. ఏమీ లేదు... ఏమీ లేదు... ఆపైన, 'వీ—'.

ముగ్గురూ పెట్టె వైపు చూశారు. బయట మ్యూజియం బండి హారన్ కొట్టింది.

పెద్దాయన పత్రాన్ని మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. ఉంది అనే మాటను కొట్టేసి, గుండ్రంగా, అరమరిక లేకుండా రాశాడు...

'ఉన్నారు.'