రెండో ఆటగాడు

బల్గేరియాలోని ప్లోవ్‌దివ్‌లో శీతాకాలం పొగమంచు పట్టిందంటే మధ్యాహ్నమే దీపాలు వేసుకోవాలి. ఆ ఆదివారమూ అంతే. పాత పొగాకు గోదాము పై అంతస్తులో రూమెన్ నడిపే కంప్యూటర్ ఆటల కంపెనీ ఉంది. మర్నాడే కొత్త ఆట విడుదల. మిగతావాళ్లు అలసి ఇళ్లకు పోయారు. అద్దాల గదిలో రూమెన్, కిటికీ పక్క బల్ల దగ్గర రాలిత్సా మిగిలారు. గోదాము మూతపడి ఎన్నేళ్లయినా, హీటరు వేడెక్కితే చాలు, గోడల్లోంచి తీయటి పొగాకు వాసన వస్తుంది.

ఆటలో తప్పులు పట్టడం రాలిత్సా పని. తప్పుల సంగతి ఎలా ఉన్నా, ఆమె ఇంకా ఇక్కడ కూర్చుని ఉందంటే అది రూమెన్ ఇచ్చిన ఒక్క మాట మీద.

ఆమె అన్న స్పాస్ కూడా ఇక్కడే పనిచేసేవాడు. ఆటలో మొదటి మనిషి బొమ్మను అతని ముఖంతో, అతని నడకతో తయారుచేశారు. పోయిన వసంతంలో ఈ భవనం మెట్ల మీద జారిపడి చనిపోయాడు. నలభయ్యో రోజున, అక్కడి ఆచారం ప్రకారం అన్న ఫొటో ఉన్న మరణ ప్రకటనను వీధి తలుపుకి అంటిస్తూ, రాలిత్సా రూమెన్‌ని ఒకటే అడిగింది. "వాణ్ణి ఆటలోంచి తీసేయ్. ఊరూ పేరూ తెలియనివాళ్లు వాణ్ణి గెంతించి, కాల్చి ఆడుకుంటుంటే నేను చూడలేను." సమాధి దగ్గర పంచే ఉడికించిన గోధుమల గిన్నె చేతిలో పట్టుకుని మరీ రూమెన్ ఒట్టేశాడు, తీసేస్తానని. తర్వాత తీసేశాననీ చెప్పాడు.

ఈ రోజు తప్పు చిన్నదే. ఇద్దరు ఆటగాళ్లతో పరీక్ష నడిపితే మొదటి ఆటగాడిగా ఆమె ఎప్పుడూ వాడే బొమ్మ, ఎర్రజుట్టు పిల్ల, చక్కగా వస్తోంది. రెండో ఆటగాడు మాత్రం ముఖం లేని బూడిదరంగు బొమ్మలా నిలబడుతున్నాడు. 'అవతార్ లోడ్ కాలేదు' అని పైన ఎర్ర అక్షరాలు.

పరీక్షలో పుట్టే ఉత్తుత్తి ఆటగాడికి సొంత ఖాతా ఉండదు. ఎవరి శరీరం తొడగాలో మనమే నంబరు ఇవ్వాలి. ఇచ్చింది. బూడిద బొమ్మే. పాత ఫైళ్లు ఊడ్చేసింది, బయటికి వచ్చి మళ్లీ లోపలికెళ్లింది. వాడు నిమ్మకు నీరెత్తినట్టు అలాగే నిలబడ్డాడు. విసుగొచ్చి, ఎక్కడ ఇరుక్కుందో చూద్దామని పై తొడుగును ఆపేసింది.

కింద ఇంకో శరీరం ఉంది.

ఎడమ భుజం కాస్త వాలి ఉంది. గడ్డం కింద గీరుకున్న మచ్చ. స్పాస్.

రాలిత్సా మిగతా బొమ్మల తొడుగులూ ఒక్కొక్కటే తీసింది. సైనికుడి కింద స్పాస్. ముసలమ్మ కింద స్పాస్. తన ఎర్రజుట్టు పిల్ల కింద కూడా... ఇన్నాళ్లూ ఆమె ఆడించింది అన్ననే.

"రూమెన్, ఒకసారి ఇలా రా."

అతను వచ్చాడు. తెర చూసి గతుక్కుమన్నాడు.

"తీసేశానన్నావు."

"పైకి కనిపించకుండా చేశాను కదా, రాలీ."

"గోధుమల మీద ఒట్టేసి చెప్పావు. నమ్మాను చూడు, నాదీ బుద్ధి తక్కువ."

"నువ్వు నన్ను తిట్టుకో, కానీ విను. ఉంచమన్నది వాడే. పోయే ముందు వారం నా గదికొచ్చి, 'నాకేమైనా అయితే ఆట లోపల నన్ను ఉండనీ, రాలీకి చెప్పకు' అన్నాడు."

"చచ్చినవాడి మీదికి తోసేస్తున్నావా? సిగ్గులేదూ?"

రాలిత్సా మీటల మీద చేతులు పెట్టింది. ఎందుకలా చేసిందో ఆమెకే తెలియదు. ఆటలోని మాటల పెట్టెలో రాసింది. *అన్నా?*

స్పాస్ బొమ్మ తల అడ్డంగా ఊపింది.

బల్గేరియాలో అవునంటే తల అడ్డంగా, కాదంటే నిలువుగా. ఆట విదేశాలకు పోతుందని రూమెన్ దాన్ని తిరగేయించాడు. దాని మీద స్పాస్ వారం రోజులు పోట్లాడి ఓడిపోయాడు కూడా. ఆటలో తల ఊపడాలన్నీ విదేశీ పద్ధతివే. పైగా మీట నొక్కనిదే ఏ బొమ్మా తల ఊపదు.

"నువ్వేమైనా... నొక్కావా?" రూమెన్ గొంతు తగ్గించాడు.

ఆమె చేతులు ఒళ్లో ఉన్నాయి. మళ్లీ రాసింది. *నాకు చెప్పొద్దన్నది నువ్వేనా?*

అడ్డంగా. నెమ్మదిగా. అవును.

రూమెన్ మోసం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. తను ఏడ్చిన ఏడుపంతా అన్న లోపల్నుంచి చూస్తూ ఊరుకున్నాడన్నమాట.

*చెరిపేస్తున్నాను. ఇక వెళ్లిపో.*

నిలువుగా. కాదు. మళ్లీ నిలువుగా. కాదు... కాదు... ఆగకుండా... ముఖం తెరకి దగ్గరవుతూ...

"చెరిపెయ్," అన్నాడు రూమెన్ గుసగుసగా. "దాచిన కాపీ కూడా ఇస్తాను. చెరిపెయ్."

చెరిపేసింది. అసలుదాన్నీ, కాపీనీ. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది. గదిలో పొగాకు వాసన ఎందుకో తగ్గింది. ఇద్దరూ కాసేపు ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడు ఆమె పరీక్ష మళ్లీ నడిపింది.

ఎర్ర అక్షరాలు రాలేదు. రెండో ఆటగాడు లోడ్ అయ్యాడు. ముందు బూట్లు. తర్వాత పచ్చకోటు. తర్వాత ముఖం.

రాలిత్సా ముఖం.

ముఖాన్ని కొలిచే కెమెరాల ముందు ఆమె ఎన్నడూ కూర్చోలేదు. ఎవరు ఎంత బతిమాలినా కూర్చోలేదు. ఆ పచ్చకోటు ఇప్పుడు ఆమె ఒంటి మీదున్నదే, తెర మీద కూడా దానికి ఒక గుండీ లేదు. ఆ గుండీ ఇందాక ఆమె పైకి వస్తుంటే, స్పాస్ పడిన మెట్టు దగ్గరే తెగిపోయింది. వెతికినా దొరకలేదు.

ఫైలు వివరాలు తెరిచింది. తయారుచేసినవారు, స్పాస్. తేదీ, ఈ రోజుది.

"ఇది నీ పనేనా?" వెనక్కి తిరక్కుండానే అడిగింది. అవును అను, అని లోలోపల వేడుకుంది. ఇంకో మోసమైనా సరే, అవును అను.

"కాదు, రాలీ," అన్నాడు రూమెన్.

ఆ రోజంతటిలో మొదటిసారి, ఆమె అతని మాట నమ్మింది.

తెర మీద, ఆమె ముఖంతో ఉన్న బొమ్మ కళ్లు మూసుకుని ఉంది. ఎడమ భుజం కొద్దికొద్దిగా వాలుతోంది, స్పాస్‌దిలాగే.