రెండు చుట్లు, నాలుగు తుమ్ములు

ఉదయం ఏడూ నలభై రెండుకి పెద్ద మేస్త్రి పోయాడు.

వందేళ్ళు దాటిన కారు. ముందు హ్యాండిల్ పెట్టి తిప్పితే స్టార్టయ్యే రకం. ఆయన తిప్పాడు. స్టార్టయింది. అయి ఊరుకోలేదు. ఒక్క దూకు దూకి, ఆయన్ని వెనకాలున్న ఇనప బెంచీకి అదిమేసింది.

ఎనిమిదిన్నరకి ఎస్సై ఆయన రిపేరు షెడ్డులోకి వచ్చేసరికి బాడీ మీద కారు కవరే కప్పి ఉంది. కప్పడానికి ఇంకేమీ దొరకలేదట.

ఎస్సై కవరు ఎత్తి చూసింది. దించింది. బెంచీ అంచు చూసింది. తర్వాత హ్యాండిల్ చూసింది. దాన్ని మాత్రం ముట్టుకోలేదు.

ఆమె మెకానికల్ డిప్లొమా చదివింది. రెండో ఏడాది ల్యాబులో పాత ఇంజన్ తిప్పుతుంటే హ్యాండిల్ వెనక్కి తన్ని లెక్చరర్ మణికట్టు విరిగింది. ఎండు కొమ్మ విరిగిన చప్పుడు. ఆ తర్వాతే ఆమె పోలీసు పరీక్ష రాసింది. ఎస్సైగారికి భయమంటే తెలీదని స్టేషన్లో ఒక పుకారుంది. దాన్ని ఆమె ఖండించలేదు, అంతే.

"ఎంతమంది ఉన్నారు అప్పుడు?"

"ముగ్గురే మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "పోయినాయన, ఆయన కూతురు, ఆయన తమ్ముడు. అమ్మాయి అప్పుడే ఒప్పేసుకుంది. మనకి పని తక్కువ."

కూతురికి ఇరవై రెండేళ్ళు. తండ్రి ముద్దుగా స్పానర్ అనేవాడట, అందరికీ అదే పేరైపోయింది. టూల్స్ బీరువాకీ గోడకీ మధ్య, పిల్లి దాక్కునేంత సందులో కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూస్తోంది.

"నేనే చంపాను మేడమ్."

"ఎలా?"

"సీట్లో నేనున్నా. గేర్ తీయడం నా పని. తీశాననే అనుకున్నా. నాన్నని బయటికి లాగడానికి చూస్తే, బండి ఫస్ట్ గేర్లో ఉంది."

"అప్పుడేం చేశావ్?"

"లివర్ లాగి న్యూట్రల్ చేశా. బాబాయి వెనక్కి తోశాడు. నాన్న..." ఆగింది. "ఇవి నా చేతులే కదా మేడమ్. గేర్ తీసినట్టు వీటికి గుర్తుంది. ఎలా గుర్తుంటుంది, తీయకపోతే?"

సందు ముందు గొంతుక్కూర్చున్న ఎస్సై లేచి కారు చుట్టూ తిరిగింది.

గేర్ లివర్ సీటుకి కుడిపక్కన, బాడీ బయట ఉంది. అప్పటి బళ్ళు అంతే. కొయ్య పిడి అద్దంలా మెరుస్తోంది. మెరుపు మధ్యలో మాత్రం పాలిపోయిన మచ్చలు. బండి వైపు నాలుగు. బయటి వైపు ఒకటి, కాస్త పెద్దది.

"దీనికి పాలిష్ ఎవరు పెట్టారు?"

"నేనే. నిన్న సాయంత్రం మైనం పట్టించా."

ఎస్సై ఫోన్‌తో మూడు ఫొటోలు తీసుకుంది.

తమ్ముణ్ణి చిన్న మేస్త్రి అంటారు. నలభై ఐదేళ్ళు. సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. గ్రీజులో బతికేవాడి గోళ్ళు అంత తెల్లగా ఉండటం ఎస్సై ఎక్కడా చూడలేదు.

"రోజూ ఏం చేస్తారో అదే వరసలో చెప్పండి."

"చల్లబడ్డ ఇంజన్ తనంతట తాను పెట్రోలు తాగదు మేడమ్. పట్టాలి." బానెట్ రెక్క ఎత్తి చూపించాడు. సిలిండర్ల నెత్తిన వరసగా నాలుగు ఇత్తడి గిన్నెలు, ఉగ్గుగిన్నెలంత. ఒక్కోదాని కింద చిన్న కుళాయి. "ఇవి ప్రైమింగ్ కప్పులు. కుళాయి తిప్పి, గిన్నెలో చెంచాడు పెట్రోలు పోస్తే తిన్నగా సిలిండర్లోకి దిగుతుంది. పోసేది నేను. స్విచ్ ఆఫ్‌లోనే ఉంచి అన్నయ్య రెండు చుట్లు తిప్పుతాడు, పెట్రోలు లోపల పట్టడానికి. కుళాయిలు తెరిచే ఉంటాయి గదా, గాలి తన్నుకొస్తుంది. రెండు చుట్లకి నాలుగు తుమ్ములు."

"ఇవాళ తుమ్మిందా?"

"తుమ్మింది. నాలుగూ."

"తర్వాత?"

"నేను కుళాయిలు మూసేశా. పెట్రోలు డబ్బా వెనక గోడ దగ్గర పెట్టడానికి వెళ్ళా. డబ్బా దూరం వెళ్ళేదాకా అన్నయ్య స్విచ్ వెయ్యనివ్వడు. తర్వాత 'స్విచ్' అన్నాడు. అమ్మాయి వేసింది. ఆయన తిప్పాడు. పావు చుట్టుకే అందుకుంది."

"మీరు వెళ్ళిన దారి?"

"ఈ కుడిపక్కే. ఎడంపక్క ర్యాకులు అడ్డం."

"లివర్ ముట్టుకున్నారా? ముందు గానీ తర్వాత గానీ?"

"నాకు దాంతో పనేంటి మేడమ్? నాది గిన్నెల డిపార్ట్‌మెంటు." నవ్వబోయి మానేశాడు. "పిల్లదాన్ని ఏమీ అనకండి. చిన్నతనం. గేర్ మర్చిపోయింది. మా వదినకి నేను చెప్పుకుంటా."

మధ్యాహ్నం రెండింటికి సర్కిల్ ఆఫీసు నుంచి ఫోను. "ఒప్పుకుంది గదమ్మా, ఇంకేంటి? నిర్లక్ష్యం కింద కేసు కట్టి ఐదింటికల్లా అరెస్టు చూపించెయ్."

ఎస్సై గోడ గడియారం చూసింది. ఐదింటికి ఇంకా మూడు గంటల టైముంది. సర్కిల్ వాళ్ళకి నేరాలన్నీ వేడి వేడిగా కావాలి.

మూడూ నలభైకి అందరూ మళ్ళీ షెడ్డులో ఉన్నారు.

"పొద్దున ఏం జరిగిందో అదే చేద్దాం," అంది ఎస్సై. "ఎవరి చోట్లో వాళ్ళు. హ్యాండిల్ దగ్గర నేను."

హెడ్డు అడ్డమొచ్చాడు. "మీరెందుకు మేడమ్? నేను..."

"మీకు నడుం నొప్పి."

ఆమె కారు ముందుకొచ్చి నిలబడింది. వెనక బెంచీ. మధ్యలో మూడడుగులు. కడిగిన నేల ఇంకా ఆరలేదు. ఆ తడి ఏమిటో ఆలోచించకూడదనుకుంది. ఆలోచించింది. ఈ ఇద్దర్లో ఒకరు మనిషిని చంపారు. చేజారి చంపారో, చెయ్యి చాచి చంపారో. ఒకరు ఆమెకి ఎదురుగా సీట్లో ఉన్నారు. ఇంకొకరు బానెట్ మీద వంగి పెట్రోలు పోస్తున్నారు.

"గేర్?"

"తీశా మేడమ్." స్పానర్ వంగి లివర్ వంక చూసింది. "తీశా. మళ్ళీ చూశా. తీసే ఉంది."

"స్విచ్?"

"ఆఫ్."

ఎస్సై హ్యాండిల్ పట్టుకుంది. బొటనవేలు కూడా మిగతా వేళ్ళ పక్కనే పెట్టింది. అడ్డంగా పెడితే, తన్నినప్పుడు వేలు దానిదే. ఊపిరి బిగబట్టి తిప్పింది.

తుస్. తుస్.

ఇంకో చుట్టు. తుస్. తుస్.

కారు అంగుళం కదల్లేదు.

చిన్న మేస్త్రి నాలుగు కుళాయిలూ మూశాడు. మూడో గిన్నె కారుతుంది. చేతివేళ్ళు పెట్రోల్లో తడిశాయి. డబ్బా తీసుకుని కుడిపక్కనుంచి వెనక్కి నడిచాడు. సీటు దాటేటప్పుడు ఎడంచేత్తో డబ్బా పట్టుకున్నాడు. కుడిచెయ్యి ఖాళీ.

"స్పానర్, పొద్దున ఈ టైముకి నీ చేతులెక్కడున్నాయి?"

"ఎడంచెయ్యి డ్యాష్ కింద, స్విచ్ మీద. కుడిచేత్తో స్టీరింగ్ మీదున్న స్పార్క్ లివర్ కిందికి లాగి పట్టుకోవాలి. వదిలితే జారిపోతుంది, హ్యాండిల్ వెనక్కి తంతుంది. వంగే ఉన్నా."

"ఏమైనా వినిపించిందా?"

"టక్ మంది. బాబాయి డబ్బా దించాడనుకున్నా."

"సరే. ఇప్పుడు స్విచ్ ఆఫ్‌లోనే ఉంచి ఫస్ట్ గేర్ వెయ్. తిప్పి చూస్తా."

స్పానర్ కళ్ళు పెద్దవయ్యాయి. అయినా లివర్ నెట్టింది.

ఎస్సై మళ్ళీ హ్యాండిల్ అందుకుంది. భుజం బిగించింది. అప్పుడు హెడ్డు ఆమెకి ధైర్యం చెబుదామనుకున్నాడు.

"భయపడకండి మేడమ్. ఎందుకైనా మంచిదని ఇప్పుడే స్విచ్ వైరు పీకేశా. ఇంక కరెంటు రమ్మన్నా రాదు."

అప్పటికే ఎస్సై చేతులు హ్యాండిల్‌ని తిప్పబోతున్నాయి.

"తిప్పకండి!" స్పానర్ సీట్లోంచి దూకేసింది. "మేడమ్, వదిలేయండి. ఇది మాగ్నెటో, కరెంటు తనే పుట్టిస్తుంది. వైరు పీకితే ఆగదు, ఆన్ అవుతుంది. ఆ వైరే దాన్ని ఆపేది."

ఎస్సై వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. అవి చెప్పిన మాట వినడానికి కాస్త టైము పట్టింది. పెట్రోలు తాగిన ఇంజన్. వేసిన గేర్. వెనక బెంచీ. హెడ్డు చేతిలో వైరు కొస ఇంకా అలాగే ఉంది. ఆయనకి తెలిసిందల్లా ఆయన స్కూటరే. దాన్నీ మెకానిక్కే చూస్తాడు.

షెడ్డులో ఒక్కరే కదల్లేదు.

చిన్న మేస్త్రి వెనక గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. హెడ్డు వైరు పీకడం ఆయనకి నాలుగడుగుల దూరంలోనే జరిగింది.

ఎస్సై కారుకీ బెంచీకీ మధ్యనుంచి బయటికొచ్చింది. ముందు ఆ పని చేసింది. తర్వాతే మాట్లాడింది.

"వైరు పీకడం మీరు చూశారా?"

"చూశాను."

"పీకితే ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"మీరు అడగలేదు."

హెడ్డు గోడకి ఆనుకున్నాడు.

"హెడ్డుగారూ, వైరు మళ్ళీ తగిలించండి. అమ్మాయి చెప్పినట్టు," అంది ఎస్సై. స్పానర్ చెక్ చేసింది. కుళాయిలన్నీ తెరిచింది. అప్పుడు ఎస్సై గేర్లో ఉన్న బండిని రెండు చుట్లు తిప్పింది. హ్యాండిల్ రాయిలా బరువు. కారు అడుగు పైనే ముందుకి జరిగింది.

"చూశారా? గేర్లో ఉంటే ఇదీ సంగతి. ముప్ఫై ఏళ్ళు తిప్పిన మనిషికి మొదటి చుట్టులోనే తెలిసిపోయేది. కానీ పొద్దున ఆయన రెండు చుట్లూ తిప్పాడు. నాలుగు తుమ్ములూ వచ్చాయి. బండి కదల్లేదు. ఇది మీరే చెప్పారు. అంటే అప్పటికి గేర్ తీసే ఉంది. పడింది తుమ్ముల తర్వాత, స్విచ్‌కి ముందు. ఆ మధ్యలో అమ్మాయి చేతులు రెండూ పన్లో ఉన్నాయి. స్పార్క్ లివర్ వదిలి ఉంటే ఆయన మణికట్టు విరిగేది. నేను చూశాను. విరగలేదు."

"కుర్రది చెప్పిందల్లా..."

"ఆగండి. ఇంజన్ ఆగి ఉంటే గేర్ వెయ్యడానికి క్లచ్ అక్కర్లేదు. నేలమీద నిలబడే వెయ్యొచ్చు. ఈ పిడికి నిన్న మైనం పెట్టారు. పొడి చేత్తో ఎన్నిసార్లు పట్టినా మైనం చెక్కుచెదరదు. పెట్రోలు చేత్తో పడితే అక్కడికక్కడే ఊడుతుంది. సీట్లో కూర్చున్నవాళ్ళు పట్టుకుంటే బొటనవేలు లోపలికి, మిగతా వేళ్ళు బయటికి. మచ్చలు తలకిందులుగా ఉన్నాయి. బయట నిలబడి, వెనక్కి నడుస్తూ, కుడిచేత్తో. ఒకసారి చెయ్యి పెట్టి చూపిస్తారా?"

చిన్న మేస్త్రి చెయ్యి పెట్టలేదు. తెల్లటి గోళ్ళ వంక చూసుకున్నాడు.

"బయట బోర్డు చూశారా?" అన్నాడు. మెల్లగా, ఎవరికో దారి చెబుతున్నట్టు. "మొన్న కొత్తగా రాయించాడు. తండ్రీ కూతుళ్ళ వర్క్‌షాపు అని. ఇరవై ఆరేళ్ళు ఆ గిన్నెలు నేను నింపాను, నేను మూశాను. నాకు ఒక్క మాట చెప్పలేదు. పెయింటర్ వచ్చి, నిచ్చెన పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను."

స్పానర్ బండి పక్కనుంచి రెండడుగులు ముందుకి వేసింది.

"నేను జైలుకెళ్తే ఊరుకునేవాడివా బాబాయ్?" అంది స్పానర్.

ఆయన ఆమె వైపు తిరగలేదు.

ఐదింటికి సర్కిల్‌కి అరెస్టు చూపించారు. మనిషి మాత్రం మారాడు.

ఆరూ పదికి ఎస్సై స్పానర్‌ని ఇంటి దగ్గర దించింది. షెడ్డు వెనక సందులో మూడో వాకిలి. పిల్ల జీపు దిగలేదు. పొద్దున్నుంచీ ఇంటికి పోనని మొండికేసింది. ఇప్పుడు భయం పోయిందేమో అనుకుంది ఎస్సై. పోలేదు. చోటు మారిందంతే.

"అమ్మకి ఏమని చెప్పాలి మేడమ్?"

"జరిగింది చెప్పు. నీ తప్పు లేదని."

"నేనే అని ఉంటే తిట్టేది, కొట్టేది, తర్వాత దగ్గరికి తీసుకునేది. అమ్మ ఈ ఇంటికొచ్చేసరికి బాబాయికి పదేళ్ళు. అన్నం కలిపి పెట్టి పెంచింది. మా ఇద్దర్లో పెద్దకొడుకు వాడే అంటుంది." డోర్ హ్యాండిల్ పట్టుకుంది, తీయలేదు. "మీరు కూడా రండి. ఏమీ మాట్లాడొద్దు. పక్కన నిలబడండి చాలు."

ఎస్సై టోపీ తీసి సీటు మీద పెట్టి దిగింది.

తలుపు తట్టకముందే తెరుచుకుంది. ఒకావిడ. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయి ఉంది. కూతుర్ని చూసి, భుజం పట్టుకుని లోపలికి లాక్కుంది. ఎస్సైని చూసింది. తర్వాత వాళ్ళిద్దర్నీ దాటి, జీపు వైపు, సందు చివరిదాకా చూసింది.

"మీ బాబాయేడే?" అంది. "వాడు కూడా పొద్దున్నుంచీ ఏమీ తినలేదు."