మోటరింటి కాడ గజ్జెలు

కవితాళ నుంచి పోతనాళకు పోయే అడ్డరోడ్డు మీద, ఉపకాలువ పక్కన, పాడుబడిన పంపుహౌసు ఒకటి ఉంది. చుట్టుపక్కల వాళ్ళు దాన్ని మోటరిల్లు అంటారు. దానికి మంచి పేరు లేదు.

చీకటి పడ్డాక ఆ దారిన పోయే మగవాళ్ళు అక్కడికి రాగానే పాట ఆపేస్తారు. ఫోను ఆపేస్తారు... కొందరు ఊపిరి కూడా. ఎప్పుడో ఒక నాట్ల కూలామె, కాళ్ళ గజ్జెలతో సహా అక్కడ కాలువలో పడి చనిపోయిందట. ఎవరామె? ఏ ఊరు? పేరేంటి? ఎవరికీ తెలియదు. బతికుండగా ఆమె పేరు అడిగినవాడు లేడు. చచ్చాక మాత్రం ఆమె గజ్జెల సంగతి తాలూకా అంతా తెలుసు.

ఆమె చేసేదల్లా ఒక్కటే. బండి వెనక వస్తుంది. ఘల్... ఘల్... బండి ఆగితే ఆగుతుంది. కదిలితే కదులుతుంది. అద్దంలో చూస్తే — ఏమీ ఉండదు.

ఇంకో విశేషం. ఈ దెయ్యానికి అర్ధరాత్రి దాకా ఆగే ఓపిక లేదు. ఎనిమిదింటికల్లా డ్యూటీ ఎక్కుతుంది. అదీ నాట్ల కాలంలో, కోతల కాలంలోనే. కాలువ ఎండిపోయే ఎండాకాలమంతా సెలవు. ఈ ముచ్చట అందరూ చెప్పుకునేవాళ్ళే గానీ, ఎందుకట్లా అని ఒక్కరూ అడగలేదు.

సుమంగళ అడిగింది.

"ఏంది, దెయ్యం గూడ కాలువ నీళ్ళ టైంటేబులు చూసుకుంటదా?"

సుమంగళ రాయచూరు బస్సు డిపోలో మెకానిక్. నలభై ఒకటో ఏడు. బస్సు గేటు దాటి లోపలికి వస్తుంటేనే చప్పుడు విని దాని రోగమేందో చెప్పేస్తుంది. ఇంట్లో ఆమెకు మొగుడు లేడు. ఆరువందల యాభై సీసీ మోటారుసైకిలు ఉంది. మొదటివాణ్ణి వదిలేసిన ఏడాదే ఈ రెండోదాన్ని తెచ్చుకుంది. ఇప్పటిదాకా చింత లేదు.

పెద్ద ఇంజన్‌లో ఏముంది అని అడిగేవాళ్ళకు ఆమె ఒకటే చెబుతుంది. చిన్న బండి మీద దూరం పోతే, గంటకోసారి దాని గోస వినాలి. ఎత్తు వస్తే ఏడుస్తుంది, గాలి ఎదురొస్తే ఏడుస్తుంది, సామాను కడితే ఏడుస్తుంది. పెద్ద ఇంజన్ అట్లా కాదు. తొంభైలో పోతున్నా దాని దగ్గర ఇంకా సగం బలం మిగిలే ఉంటుంది. ఆ మిగిలిన బలం మీద కూచుని పోవడమే సుఖం. ఐదొందల కిలోమీటర్లు పోయి దిగినా చేతులు తిమ్మిరెక్కవు, నడుము తిట్టదు. పుట్టినప్పటి నుంచి ఉన్న బలమంతా ఖర్చుపెడితే గానీ ఒక్క రోజు గడవని ఆడదానికి, కాళ్ళ మధ్య అంత బలం ఊరికే మిగిలి ఉండటమంటే... చెబితే మగవాళ్ళకు అర్థం కాదు.

ఆ నెలాఖరుకు ఊళ్ళోని రైడర్ల క్లబ్బు లదాఖ్ పోతోంది. పెద్ద బండ్లు తొమ్మిది. ఒంటరిగా పోవడం సుమంగళకు చేతకాక కాదు. హంపీ, గోవా ఒంటరిగానే తిరిగొచ్చింది. కానీ ఈసారి ఆమెకు గుంపులో పోవాలని ఉంది. పది పెద్ద ఇంజన్లు ఒకే కొండ వంపును ఒకదాని వెనక ఒకటి తిరిగే చప్పుడు... అందులో పదోది తనదై ఉండాలి. మూడేళ్ళుగా అదే ఆశ.

క్లబ్బు ప్రెసిడెంటు యోగానంద్. పోతనాళ క్యాంపులో ఎరువుల దుకాణం. వాళ్ళ తాతలు కోస్తా నుంచి వచ్చి ఆ క్యాంపు కట్టుకుని స్థిరపడ్డవాళ్ళు.

"మీరు లేకుండా మా టూరే లేదండీ," అన్నాడతను. "మీ సీటు ఎప్పుడో ఖాయం చేసేశాం. వెనక వచ్చే పికప్ బండిలో, ముందు సీటు. స్పేర్ టైర్లు, ఆయిల్ డబ్బాలు, మీరు. దారిలో ఎవడి బండైనా మొరాయిస్తే చూసుకుంటారు కదా."

"మరి నా బండి?"

"ఇంట్లో చల్లగా ఉంటుందండీ."

"పొయ్యి గూడ ఆ పికప్‌లనే పెడుతున్నరా అన్నా?"

యోగానంద్ సిగ్గుపడ్డాడు. "అబ్బే... చిన్న గ్యాసు స్టవ్వే లెండి."

సుమంగళ కదలలేదు. తన బండి మీద తప్ప రానంది. అప్పుడు బయటికొచ్చింది — మోటరిల్లు పరీక్ష. క్లబ్బులో బండి నడపాలంటే ప్రతివాడూ పాసవ్వాలట. చీకటి పడ్డాక ఒంటరిగా కవితాళ నుంచి బయల్దేరాలి. మోటరింటి ముందు ఇంజన్ ఆపాలి, లైటు ఆపాలి. తన పేరు రాసిన క్లబ్బు రుమాలు గేటుకు కట్టాలి. నూరు లెక్కపెట్టి, పోతనాళ చాయ్ హోటలు చేరాలి. తొమ్మిది మందీ చేశారట.

"నిజంగ అక్కా," అన్నాడు అమరేశ్, అందరిలో చిన్నవాడు. "నా వెనక వచ్చింది. గజ్జెలు... అయినా రుమాలు కట్టి, నూరు లెక్కపెట్టే వచ్చిన."

"నూరు పూర్తిగనా?"

"...ఎనభై దాకా యాదికుంది."

అట్లా ఒక శుక్రవారం, నాట్లు జోరుగా సాగుతున్న రోజుల్లో, ఎనిమిది గంటలకు సుమంగళ కవితాళ దాటింది.

చందమామ లేదు. రెండు వైపులా మడుల్లో నీళ్ళు. కప్పలు. బండి లైటు రోడ్డును తెల్లగా చీరేసుకుంటూ పోతోంది. మోటరింటికి ఇంకా రెండు కిలోమీటర్లుందనగా రోడ్డు పాడైంది. ఎడమ చేతికి కాలువ, దానికి గోడ లేదు, గుంతలు మాత్రం ఉన్నాయి. సుమంగళ రెండో గేరుకు తెచ్చింది.

అప్పుడు వినపడింది.

ఘల్...

గుంత దాటింది.

ఘల్... ఘల్...

అద్దంలో చూసింది. చీకటి. లైటు లేదు, మనిషి లేదు. ఆమె వేగం తగ్గించింది — వెనక చప్పుడూ తగ్గింది. పెంచింది — అదీ పెరిగింది.

భయం వేయలేదంటే అబద్ధం. మెడ మీద వెంట్రుకలు హెల్మెట్ లోపలే లేచి నిలబడ్డాయి. కానీ వెనక్కి తిరిగితే పికప్ బండి. ముందుకు పోతే దెయ్యం. ఆమె దెయ్యాన్నే ఎంచుకుంది.

మోటరిల్లు వచ్చింది. ఇంజన్ ఆపింది. లైటు ఆపింది.

వెనక గజ్జెలూ... ఆగాయి.

తడుముకుంటూ గేటు దగ్గరికి పోయింది. చేతికి తుప్పు తగిలింది. ఏదో తీగ తగిలింది. రుమాలు — ఒక్కటీ తగల్లేదు. తొమ్మిది మంది మగవాళ్ళు కట్టిన తొమ్మిది రుమాళ్ళలో ఒక్కటీ లేదు. తనది గట్టిగా ముడి వేసింది. లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ఒకటి... రెండు...

ముప్పై దగ్గర కప్పలు ఆగిపోయాయి. అరవై దగ్గర, చీకట్లో ఎవరో ఊపిరి పీల్చినట్టు... గుసగుస. ఒక గొంతు కాదు. రెండు.

ఆమె ఆగలేదు. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, నూరు. బండి ఎక్కింది. పది గజాలు పోయింది.

ఘల్... ఘల్... ఘల్...

ఈసారి ఆమె భయపడటం పక్కన పెట్టి, విన్నది. క్లబ్బు మగవాళ్ళంతా సైలెన్సర్లు మార్పించి ఊరంతా ఉలిక్కిపడేట్టు తిరిగేవాళ్ళు. ఆ రంకెలో వెనక నుంచి సన్నటి గలగల తప్ప ఇంకేమీ చెవిన పడదు. సుమంగళ బండికి కంపెనీ సైలెన్సరే. అందుకే ఆమెకు గజ్జెల కింద ఇంకో చప్పుడూ దొరికింది. చిన్నది. దగ్గుతున్నది. ఎన్నేళ్ళుగానో ఆయిల్ మార్చనిది.

ఆమె బండి ఆపి, చీకట్లోకి తిరిగి అరిచింది:

"ఓ...య్! చెయిన్ వదులైంది! ఊడితే కాలవల పడ్తవ్!"



చీకటి మెల్లగా అంది — "నిన్న గూడ ఊడిపాయె."

"మాట్లాడకే చెన్నవ్వా!" అంది ఇంకో గుసగుస. "మొగోడేమో."

"గొంతు ఆడిదే గదనే."

"...అయితే దెయ్యమేమో!"

సుమంగళ హెల్మెట్ తీసి, బండి తిప్పి లైటు వేసింది. వెలుగులో ఒక ముసలి మోపెడ్. లైటుకు బల్బు లేదు. దాని మీద మోకాళ్ళ దాకా బురదతో ఇద్దరు ఆడవాళ్ళు. నడిపేది చెన్నవ్వ. వెనక కూచున్న బసవ్వ తలకు నారింజ రంగు రుమాలు కట్టుకుంది. నుదుటి మీద సరిగ్గా కనపడుతోంది: యోగానంద్, ప్రెసిడెంట్.

ఇద్దరూ నాట్లకు పోయి వచ్చేవాళ్ళు. నాట్లేసి మడి గట్టెక్కేసరికి చీకటి పడుతుంది. దీపం లేని బండితో ఈ గుంతల్లో పోలేరు. అందుకని పొలం బాట చివర కాచుకుని ఉంటారు, పెద్ద బండి ఏదైనా వస్తే దాని వెలుతురు పట్టుకుని వెనకే పోదామని.

"మరి ఆగితే ఆగుతరేంది?"

"మొగోడు నడిరోడ్ల బండి ఆపి, లైటు ఆర్పితే, దగ్గరికి పోతమా అక్కా?" అంది చెన్నవ్వ. "అయినా ఈ జాగ మంచిది కాదు. ఈడ దెయ్యముంది."

"చూసినవా?"

"శానాసార్లు! దడదడమని వస్తది. తలకాయ నల్లగ, నున్నగ, మొకమే ఉండదు. మోటరింటి కాడ ఒక గుడ్డ ఇసిరేస్తది. మేము కదిలితే సాలు — అమ్మో అని ఒర్లుకుంట పోతది!"

"ఆ గుడ్డలు మేమే ఏరుకుంటం," అంది బసవ్వ. "ఎండకు, సద్ది మూటకు మంచిగుంటయి."

సుమంగళ బండి హ్యాండిల్ పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, సీటు కింద నుంచి స్పానర్లు తీసింది. చెయిన్ రేకుకు కొట్టుకుని గలగలమంటోంది. అవే తాలూకా అంతా విన్న గజ్జెలు. వెనక నట్టు వదులు చేసి, చెయిన్ లాగి, బిగించి, రెండు వేళ్ళతో నొక్కి చూసింది. చక్రం తిప్పింది. చప్పుడు లేదు.

"పోతనాళల అందరికీ చెప్తా," అంది. "దెయ్యం గియ్యం ఏం లేదని."

చెన్నవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది.

"వద్దక్కా. నీ కాల్మొక్త. ముందు ఈడ మొగోళ్ళు తాగి కూసునేటోళ్ళు. మేము ఊరు చుట్టి పోయేటోళ్ళం. ఆ గజ్జెల పేరు పడ్డంక ఒక్కడు గూడ ఆగుతలేడు. ఉండనీ ఆ పేరు."

సుమంగళ స్పానర్లు మళ్ళీ సీటు కింద పెట్టింది. తరువాత, "ఆ రుమాళ్ళు ఒక మూడు ఇస్తరా?" అంది.

పోతనాళ మలుపు దాకా ఆమె ముందు, మోపెడ్ వెనక. లదాఖ్ ఎక్కాల్సిన ఇంజన్ ఇరవైలో, రెండో గేరులో, విసుక్కోకుండా నడిచింది. వెనక గజ్జెల చప్పుడు లేదు. మలుపులో చెన్నవ్వ చెయ్యి ఊపి, తమ ఊరి మట్టిబాట పట్టింది.

చాయ్ హోటల్లో తొమ్మిది మందీ ఉన్నారు. సుమంగళ కుర్చీ లాక్కుని, బల్ల మీద మూడు రుమాళ్ళు పరిచింది. అమరేశ్. శరణప్ప. యోగానంద్, ప్రెసిడెంట్.

యోగానంద్ తన పేరున్న రుమాలు మీదికి వంగాడు.

"ఇవి... ఎవరిచ్చారండీ?"

"ఆమెనే. గేటుకు కట్టలేదంట గదా. రోడ్డు మీద పడేసి పోయిన్రంట. 'అమ్మో' అని కూడ అన్నరంట."

అమరేశ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఇంకా... ఏమన్నారు ఆవిడ?" యోగానంద్ గొంతు సగానికి తగ్గింది.

"ఆ దారిల మొగోళ్ళు ఆగొద్దన్నది. ఆగితే ఈసారి రుమాలు తియ్యదంట — మెడ చూస్తదంట." సుమంగళ చాయ్ ఊదుకుంది. "సరే గని, పికప్‌ల నా సీటు ఎవరికిస్తున్నరు?"

"అబ్బే, అదేం మాటండీ! మీ బండే... మీరే ముందు నడపాలి. మేమంతా మీ వెనకే."

ఆ మాట కోసం మూడేళ్ళు ఆగింది. సుమంగళ గ్లాసు పెదవుల దాకా ఎత్తింది.

ఘల్...

మోటరింటి దిక్కు నుంచి.

ఘల్... ఘల్...

తొమ్మిది మందీ ఆమె వైపు చూశారు. ఆమె తన వేళ్ళ వైపు చూసుకుంది. చెయిన్ గ్రీజు ఇంకా ఆరలేదు. తానే బిగించింది. రెండు వేళ్ళతో నొక్కి చూసింది. చెన్నవ్వ ఎప్పుడో ఇల్లు చేరి ఉంటుంది.

చప్పుడు మెల్లగా హోటలు ముందుకు వచ్చింది. బండ్ల వరస దాటింది. సుమంగళ బండి దగ్గర... ఆగింది.

కుర్చీలు పడ్డాయి. వంటింటి తలుపులోంచి తొమ్మిది మందీ ఎట్లా పట్టి పోయారో హోటలువాడికి ఇప్పటికీ తెలియదు.

సుమంగళ మాత్రం చాయ్ పూర్తి చేసింది. ముందర రాయచూరు దాకా చీకటి, ఒంటరి దారి. బయటికొచ్చింది. బండి పక్కన ఎవరూ లేరు. నేల మీద తడి పాదాల గుర్తులు రెండు.

చీర కొంగు లేదు కాబట్టి, జాకెట్టు చేతితోనే వెనక సీటు తుడిచింది.

"కూసో అక్కా," అంది మెల్లగా. "అందరూ నీ గజ్జెల సంగతే చెప్పిన్రు గని... నీ పేరేంది?"

బండి వెనక భాగం రెండు వేళ్ళంత కిందికి దిగింది.