రెండో సంతకం

అయినా ఆ మూడో జాబు అంత కటువుగా రాయనక్కర్లేదు. ‘మీకు వయసైపోయింది, పక్కకు తప్పుకోండి’ అనకుండానే పని జరిగేది. రాసేటప్పుడు అది డ్యూటీయేనా, లేక కనబడని మనిషిని నొప్పించడంలో ఉండే ఆ చిన్న సుఖం తనదేనా? తిరుపతి నుంచి చిత్తూరు వచ్చే బస్సులో, కాళ్ళ మధ్య డిస్టిల్డ్ వాటర్ క్యాన్ పెట్టుకుని, ఏజెంట్ ప్రతాప్ ఆ ఒక్క ప్రశ్ననే తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

ప్రతాప్ అతని అసలు పేరు కాదు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో అది తొమ్మిదోది.

జాబులు అందుకున్న మనిషి చంద్రకాంతమ్మ. కరెంటాఫీసులో మీటర్లు పరీక్షించి రిటైరైంది. యంత్రాల్లో టైమును సరిచూసే ‘గడియ’ అనే చిన్న ప్రోగ్రామ్‌ను పంతొమ్మిదేళ్ళుగా ఇంట్లోంచే, ఉచితంగా నడుపుతోంది. ఓపెన్ సోర్స్. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా చెయ్యి కలపవచ్చు. డయాలసిస్ మెషీన్ల నుంచి రైలు సిగ్నళ్ళ దాకా లోపల ఉన్నది అదే.

ఆ సంగతి ఒక విదేశీ ముఠా కనిపెట్టింది. వాళ్ళు తుపాకులు పంపలేదు, జాబులు పంపారు. కొత్త వెర్షన్ ఎప్పుడు? ఎందుకింత ఆలస్యం? ఆమె అలిసిపోయి పగ్గాలు తమ మనిషి చేతికిచ్చేదాకా ఆపకూడదని ప్లాన్. ముఠాలో చొరబడిన ప్రతాప్‌కు అప్పగించిన పనీ అదే. కవర్ నిలవాలి కాబట్టి రాశాడు. నలభై ఒక్క జాబులు.

చెవిలో ఇయర్‌పీస్ గరగరలాడింది. తిరుపతి నుంచి చీఫ్ హరినాథ్.

“మామిడి లోడు?”

“కాటా దాటలేదు.”

కోడ్ మాటలు అంతటితో అయిపోయాయి.

“ఐశ్వర్య మోసం చేసిందబ్బా. కొత్త వెర్షన్‌లో ముఠా పెట్టిన దొంగ తలుపు తీసేసి ఎక్కిస్తానని మనకు చెప్పి, పొద్దున దాంతో సహా ఎక్కించేసింది.”

ఐశ్వర్య. ముఠాలోకి ఆఫీసు పంపిన రెండో మనిషి. ముఠా తరఫున ఏడాదిగా చంద్రకాంతమ్మకు కుడిచెయ్యి.

“గడువు?”

“సాయంత్రం నాలుగు. అప్పుడు ఫ్రీజ్. ఆ నిమిషానికి ఏ వెర్షన్ ఉంటే ఐదేళ్ళు అన్ని మెషీన్లలో అదే ఉంటాది. వాళ్ళు ఎప్పుడు కావాలంటే అప్పుడు లోపలికి పోతారు.”

“పైనుంచి ఆపించలేమా?”

“వాలంటీర్లప్పా! ప్రభుత్వం మాట ఎవురింటారు? ఆయమ్మే వెనక్కి తీయాల. పో.”

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఆమె వీధంతా ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఒక్క ఇంట్లోనే కరెంటు లేదు. ఎదురుగా, నంబరు ప్లేటుకు బురద పూసిన వ్యాను. డ్రైవరు అతన్ని చూశాడు, క్యాన్‌ను చూశాడు. ఆ చూపు ప్రతాప్ వీపు మీద గుమ్మం దాకా వచ్చింది.

“బ్యాటరీకి నీళ్ళు పోయాలమ్మా.”

“రా నాయనా. పొద్దున్నించి ఇన్వర్టరూ లేదు, నెట్టూ లేదు,” అంది చంద్రకాంతమ్మ. బక్కపలచని మనిషి. మెడలో రెండు కళ్ళజోళ్ళు వేలాడుతున్నాయి.

కుర్చీలో ఐశ్వర్య. నెమలికంఠం రంగు పట్టుచీర. నల్లద్దాలు నెత్తిమీదికి తోసి నవ్వింది.

“రా ప్రతాప్. లేటయ్యావు.”

మూడూ నలభై ఆరు. నటించే టైము లేదు.

“అమ్మా, ఈమె పొద్దున ఎక్కించిన వెర్షన్‌లో దొంగ తలుపు ఉండాది. నాలుగు లోపల వెనక్కి తీయాల.”

“నీకెట్లా తెలుసు?”

“నేనూ ఆ ముఠాలో ఉండి వచ్చినాను. మీకు జాబులు రాసింది నేనే.”

ఆమె చేతిలోని విసనకర్ర ఆగింది. “మూడోది కూడానా?”

“అవును.”

“దాని తర్వాత నాలుగు దినాలు కంప్యూటర్ తెరవలేదు నాయనా. నిజమే కదా అనుకున్నాను.”

డ్యూటీ అన్న మాట అతని నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

“నిజమే మరి!” అంది ఐశ్వర్య. “పాతదాంట్లో పదకొండు తప్పులున్నాయి. ఇంకో ఐదేళ్ళు అవే మోస్తారా? నాది ఎంత వేగంగా ఉందో మీరే చూశారు.”

“బాగుండాది. కాదన్లేదు. నేనైతే అంత అందంగా రాయలేను.” చంద్రకాంతమ్మ కళ్ళజోడు మార్చుకుంది. “ఆ పదకొండూ యాడ కరుస్తాయో నాకు తెలుసు. నీదాంట్లో ఎన్నుండాయో నీకన్నా తెలుసునా?”

ప్రతాప్ క్యాన్ అడుగు తిప్పి ఊడదీశాడు. అరచేతిలో పట్టే శాటిలైట్ పెట్టె. లాప్‌టాప్‌కు వైరు తగిలించాడు. నెట్ వచ్చింది. మూడూ యాభై నాలుగు.

ఐశ్వర్య కదల్లేదు. అదే అతన్ని భయపెట్టింది.

“వెనక్కి తీయడానికి, గడియను నడిపేవాళ్ళ లిస్టులోంచి రెండు సంతకాలు కావాలి,” అంది ఆమె తీరిగ్గా. “ఈవిడ పెట్టిన రూలే. ఒక్కరి కోపానికి లోకమంతా మెషీన్లు ఆగకూడదని. నేను పెట్టను. ప్రతాప్‌ను చేర్చుకున్నా, ఆ పేరుగల మనిషే లేడని నేనొక్క లైను రాస్తే ఆ సంతకం చెల్లదు.”

“లిస్టులో ఇంకెవురన్నా ఉండారామ్మా?”

“యాడుండారు? మీ జాబుల పోరు పడలేక అందరూ ఎళ్ళిపోయినారు.” ఆమె అతని మొహంలోకి చూసింది. “కొత్తవాణ్ణి చేర్చుకోవచ్చు. ఎదురుగా నిలబడి నిజం పేరు చెప్పాల. నేను పూచీ పడాల.”

“ఈసారి గుర్తింపు కార్డు చూడరా?” అంది ఐశ్వర్య.

“నీ కార్డు చూసినాను కదమ్మా. ఏమి తెలిసింది?”

మూడూ యాభై ఎనిమిది. ఐశ్వర్య గొంతు తగ్గింది.

“ఆ లిస్టు లోకమంతా చూస్తుంది. ఎప్పటికీ చెరగదు. నీ అసలు పేరు కోసమే బయట వ్యాను కాచుకుని ఉంది.”

వ్యాను అతన్ని అంతగా భయపెట్టలేదు. తొమ్మిది పేర్లు చొక్కాల్లా తొడిగి విప్పాడు. ఇప్పుడు ఆ అసలు పేరు పెట్టి పిలిస్తే, పలికేవాడు లోపల ఇంకా ఉన్నాడా? ఖాళీ ఇంటి తలుపు తట్టడానికి జంకినట్టు అతను జంకాడు.

“ఏమప్పా, మర్చిపోయినావా?” చంద్రకాంతమ్మ తన సంతకం కొట్టేసి, కుర్చీ జరిపి చోటిచ్చింది.

అతను ఒక్కో అక్షరమే కొట్టాడు. వెంకటముని, సత్యవేడు.

ఐశ్వర్య మొదటిసారి లేచింది. వైరు వైపు చెయ్యి చాచింది. ముసలామె విసనకర్రతో ఆ చేతిమీద ఒక్కటి వేసింది.

“కూర్చో తల్లీ.” తర్వాత తెర చదివింది. “సత్యవేడా? ఒక్క బస్సు దూరమే. ఆదివారాలు రావాల్సి ఉంటాది నాయనా, శానా పని పడుండాది. ఊ, నొక్కు.”

నాలుగుకు తొమ్మిది సెకన్లుండగా, వెంకటముని ఎంటర్ నొక్కాడు.