ఆరో అంతస్తు నుంచి పడ్డది

కుర్చీ చూపించినా ఆమె కూర్చోలేదు. చేతిసంచి గుండెకు హత్తుకుని, నిలబడి డిటెక్టివ్‌కు సంగతి చెప్పింది. ఆమె భర్తది ఇనుప చువ్వలు వంచే పని. కొత్తగా లేస్తున్న భవనం కింద ఉండగా పైనుంచి ఏదో పడి అతని భుజం నుజ్జయింది. ఆరో అంతస్తులో పరంజా బిగిస్తున్న ఆమె తమ్ముడి స్పానర్ జారిందని సూపర్‌వైజర్ పోలీసులకు చెప్పాడు. రక్తం పక్కన దొరికింది కూడా ఆ స్పానరే.

"తమ్ముడికి బావంటే ప్రాణం సార్. తన వల్లే అనుకుని కుమిలిపోతున్నాడు. ఆయన ఆస్పత్రిలో, వీడు స్టేషన్లో. నేనెటు పోను?"

సంచిలో ఏముందని డిటెక్టివ్ అడిగాడు. భర్త చొక్కా. భుజం దగ్గర మాత్రం చిరిగి, ఎండిన రక్తంలో ఎర్రటి పొడి పట్టి ఉంది.

సహాయకుణ్ణి వెంటబెట్టుకుని డిటెక్టివ్ ముందు స్టేషన్‌కు వెళ్లాడు. స్పానర్‌కు కట్టిన తాడు కొసను చాలాసేపు చూశాడు. పనిలో దాన్ని నడుముబెల్టుకు కట్టుకునే ఉంటానని తమ్ముడు చెప్పాడు. బావ పడగానే కిందికి పరుగెత్తి, బెల్టు విప్పి పడేసి, ఆయన్ని భుజాన వేసుకున్నాడట. పనివాళ్లంతా ఆస్పత్రికి బండి వెంట వెళ్తే సూపర్‌వైజర్ ఒక్కడే అక్కడ ఉండిపోయాడట.

పని జరిగే చోట, ఆమె భర్త పడిన జాగా పక్కనే ఇటుకలు మోసే లిఫ్టు ఉంది. ఇటుకలు జారిపడకుండా ఉండాల్సిన పక్క జాలీలు దానికి లేవు. దాని కింద నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. సహాయకుడికి అందులో వింతేమీ కనిపించలేదు.

మర్నాడు డిటెక్టివ్ అందరినీ ఆ లిఫ్టు ముందుకే పిలిపించాడు.

"బరువుకు తెగిన తాడు పీచు పీచుగా ఉంటుంది. ఈ స్పానర్ తాడు కొస నున్నగా ఉంది. కత్తితో కోశారు."

"ఇతనే కోసుకున్నాడేమో," అన్నాడు ఎస్సై, తమ్ముణ్ణి చూపిస్తూ.

"స్పానర్ పడితే చొక్కాకు ఇటుకపొడి ఎలా అంటింది? పడింది ఇటుక. ముక్కలు ఊడ్చేసి, నేలమీది బెల్టు నుంచి స్పానర్ కోసి అక్కడ పెట్టారు. అప్పుడిక్కడ ఉన్నది ఒక్కరే."

అందరి చూపులూ సూపర్‌వైజర్ మీదికి మళ్లాయి. అతను తల దించుకున్నాడు. జాలీలుంటే ఇటుకలు ఎక్కించడం ఆలస్యమవుతోందని తీయించాననీ, ఉద్యోగం పోతుందని భయపడి ఇంత పని చేశాననీ ఒప్పుకున్నాడు.

చిన్న తాడు కొసలోంచి ఇంత నిజం లాగిన మనిషిని సహాయకుడు కళ్లార్పకుండా చూశాడు. ఆయన మాత్రం జాలీలు బిగించేదాకా లిఫ్టు కదలకూడదని కాంట్రాక్టరుతో గట్టిగా చెబుతున్నాడు.

తమ్ముడు అక్కడే చతికిలబడ్డాడు.

"నేను కాదా అక్కా?"

"నువ్వు కాదురా. లే, బావకి నువ్వే చెబుదువుగాని."