ఇటుకల డబ్బాలు

నాందేడ్ వజీరాబాద్‌లో మాకు పాత సామాన్ల దుకాణం ఉండేది. కుట్టు మిషన్లు, గోడ గడియారాలు, పడక కుర్చీలు... జనం వాడి వదిలేసినవి కొని, తుడిచి, బాగుచేసి మళ్ళీ అమ్మేవాళ్ళం. దుకాణం వెనకే ఇల్లు. మా మామగారి తాతలనాటి రాతి కట్టడం. దాని కింద జొన్నలు నిలవ చేసుకోవడానికి ఎప్పుడో కట్టిన నేలమాళిగ.

ఎనభై మూడో సంవత్సరం వానాకాలంలో మా ఆయన నాగేశ్వర్ హైదరాబాదులో వేలంపాటకు పోయి గోనె సంచుల నిండా ఆటసామాను తెచ్చాడు. ఏదో ఆనకట్ట పనికి వచ్చిన విదేశీ ఇంజనీర్లు బంగళాలు ఖాళీ చేసి పోతూ వదిలేసిన సరుకట. అన్నీ ప్లాస్టిక్ ఇటుకలు, వాటి అట్ట డబ్బాలు. కొన్ని గోరంతవి, కొన్ని అగ్గిపెట్టెంతవి. ఒకదాని మీద ఒకటి పెట్టి ఒత్తితే టక్కున అతుక్కుంటాయి. ఎరుపు, తెలుపు, పసుపు రంగుల్లో ఇళ్ళు, గోపురాలు కట్టుకోవచ్చు. ఔరంగాబాద్‌లో ఒక బొమ్మల దుకాణం వాళ్ళు దీపావళికి కావాలన్నారు.

వాటిని కడిగే పని నాది. గోరువెచ్చని నీళ్ళలో కుంకుడు రసం కలిపి నానబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో వాటి మీది బుడిపెల సందుల్లో మట్టి తీసి ఆరబోసేదాన్ని. సెట్లు సరిచూసే పని మా వదిన యమునాబాయిది. ఆమె మా ఆయనకు అక్క. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. గట్టి మనిషి. గిరాకీతో బేరానికి కూర్చుంటే ఆమెను కదిలించడం ఎవరి తరం కాదు. అలాంటి మనిషి, డబ్బా మూత మీద బొమ్మ చూసుకుంటూ ఆ బుల్లి ఇళ్ళు కడుతుంటే చిన్నపిల్ల అయిపోయేది. ఒక్క ముక్క కూడా తగ్గలేదని తేలాక ఇల్లు విప్పి, ముక్కలు గుడ్డ సంచిలో పోసి డబ్బాలో పెట్టాలి. విప్పడం మాత్రం నాకు అప్పజెప్పేది.

"నా చేతులతోని కూలగొట్ట బుద్ధయితలేదే, వనమాలా" అనేది.

ఆ రోజు పొద్దున్నుంచీ వాన. అత్తగారు ముద్‌ఖేడ్‌లో చిన్న కూతురింటికి పోయింది. డాబా మీద పని సాగదని సరుకంతా నేలమాళిగలోకి దించాం. సాయంత్రం బండికి పార్సిల్ వేయాలి. మా ఆయన బుకింగ్ సంగతి కనుక్కోవడానికి స్టేషనుకు పోయాడు. ఇంట్లో నేను, వదిన మాత్రమే.

పైన టేకు తలుపు. అక్కడి నుంచి రాతి మెట్లు దిగితే గోడ ఒక మలుపు తిరుగుతుంది. మలుపు దాటితే మేము కూర్చున్న గది. అక్కడి నుంచి తలుపు కనపడదు. కిటికీ లేదు. పైకప్పు దగ్గర గాలికని వదిలిన చిన్న కంత ఒకటుంటే, ఎలుకలు వస్తున్నాయని దాన్నీ మూసేశారు. ఒక్క బల్బు. తడిసిన గోనె వాసన, కుంకుడు వాసన, పాత ప్లాస్టిక్ వాసన. పైన వాన పడుతున్నా మా దాకా సన్నటి హోరు మాత్రమే వచ్చేది.

నేను సర్దిన డబ్బాలకు గోనెపట్టా చుట్టి కుడుతున్నాను. కుట్ల మీద లక్క ముద్ర వేయాలి కాబట్టి పక్కన కొవ్వొత్తి, అగ్గిపెట్టె పెట్టుకున్నాను. కుట్టినవన్నీ గోడవారగా పేర్చి, వాటి మీద నీలం రంగుతో ఔరంగాబాద్ అడ్రసు రాశాను.

"గీ ఇల్లు విప్పలేదేందే?" అంది వదిన.

సెట్లు కట్టి చూసే చెక్క పలక మీద ఒక తెల్ల ఇల్లు ఉంది. ఇందాక నేనే విప్పాను. ముక్కలు సంచిలో పోసిన గుర్తు కూడా ఉంది.

"విప్పిన గద వదినా. నువ్వే మల్ల కట్టినట్టున్నవు."

"నాకేం పనిలేదా?"

నవ్వుకున్నాం. మళ్ళీ విప్పాను. విప్పుతూ చూశాను, దానికి కిటికీ లేదు, వాకిలి లేదు. నాలుగు వైపులా గోడే. డబ్బా మీది బొమ్మలో మాత్రం వాకిలి ఉంది.

దబ్బనం తీసుకుని కుట్టు పనిలో పడ్డాను. వదిన గుడ్డ సంచులకు మూతులు కడుతూ నా వైపు తిరిగి కూర్చుంది. మలుపు అవతల తలుపు దబ్బున పడిన చప్పుడైంది. గాలికి పడిందేమో అనుకున్నాం. కాసేపటికి తల తిప్పి చూస్తే...

పలక మీద ఇల్లు. ఈసారి ఇంకా పెద్దది.

మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇద్దరి చేతుల్లోనూ పని ఉంది. మధ్యలో ఇద్దరం లేవనే లేదు.

"పైకి పోదాం పా" అంది వదిన మెల్లగా.

అప్పుడే కరెంటు పోయింది.

తడుముకుని కొవ్వొత్తి వెలిగించాను. మెట్లెక్కి తలుపు తోశాను. రాలేదు. వానకు ఉబ్బిందనుకుని భుజం పెట్టి నెట్టాను. కొంచెం కూడా కదల్లేదు. వదిన వచ్చింది, ఇద్దరం కలిసి నెట్టాం. "నాగేశ్వర్! ఓ తమ్మీ!" అని ఆమె అరిచింది. నేను పిడికిళ్ళతో బాదాను. వాన హోరులో మా గొంతులు మాకే సరిగా వినపడలేదు.

అరిచి అరిచి వదినకు ఆయాసం మొదలైంది. ఆమెకు చిన్నప్పటి నుంచీ దమ్ము జబ్బు. మాత్రలు పైన, ఆమె గదిలో, అల్మారాలో ఉన్నాయి. మెట్ల మీద నిలబడలేకపోతే కిందికి దింపి గోనెపట్టాల మీద కూర్చోబెట్టాను. ఆమె ఎదలో పిల్లికూతలు మొదలయ్యాయి. వీపు రాస్తూ కూర్చున్నాను.

"జర ఓపిక పట్టు వదినా. ఆయన అచ్చేస్తడు."

"గాలి... గాలి లేదే ఈడ..."

నిజంగానే గాలి బరువెక్కింది. కొవ్వొత్తి మంట కిందికి కుంగిపోయి నీలంగా మారుతోంది. అప్పటిదాకా లేని వాసన ఒకటి వస్తోంది. కుంకుడు కాదు, గోనె కాదు. అప్పుడే నీళ్ళు పోసి కలిపిన సున్నం వాసన. ఇల్లు కట్టే చోట వచ్చే వాసన.

టక్.

ఇటుక మీద ఇటుక ఒత్తిన చప్పుడు.

టక్... టక్...

కొవ్వొత్తి పైకెత్తాను. మాకూ మెట్ల మలుపుకూ మధ్య, నేల మీద, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఇటుకల వరస ఒకటి ఉంది. ఎరుపు, తెలుపు, పసుపు. ఒక్క చోట కూడా సందు లేదు. అక్కడ ఎవరూ లేరు. ఖాళీ గోనె సంచులు మాత్రం నోళ్ళు తెరుచుకుని పడి ఉన్నాయి.

వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

మంట రెపరెపలాడింది. కళ్ళు ఆర్పి తెరిచేసరికి వరస మీద వరస. మళ్ళీ మంట ఊగింది. ఇప్పుడది మా మోకాళ్ళ ఎత్తు. నేను చూస్తున్నంతసేపు ఏమీ కదలదు. మంట ఊగి చీకటి పడిన ఆ క్షణంలోనే... టక్. టక్. టక్.

కొవ్వొత్తి ఆరిపోయింది.

అగ్గిపుల్ల గీశాను. నిప్పు పుట్టింది గాని నిలవలేదు. ఇంకొకటి గీశాను. అదీ అంతే. మూడోది వేళ్ళలోంచి జారిపోయింది.

ఏమీ కనపడదు. వదిన ఊపిరి ఒక్కటే. లోపలికి పోవడానికి పెనుగులాడుతున్న ఊపిరి. దాని పక్కన టక్... టక్... ఇప్పుడు నిదానంగా, శ్రద్ధగా. పనిలో మునిగిపోయిన పిల్లలు ముక్కుతో చేసే కూనిరాగంలాంటిది ఒకటి. ఏ పాటో తెలియదు. మా వైపు పాట మాత్రం కాదు.

చప్పుడు ఆగింది.

మా మొహాలకు చాలా దగ్గర నుంచి... ఒక గుసగుస.

"లోపట ఎవరుంటరు?"

చిన్నపిల్ల గొంతు. అచ్చం మా ఇంటి మాట. మా వీధి మాట.

జవాబు చెప్పకూడదని ఎవరూ నాకు నేర్పలేదు. కానీ చెప్పకూడదని నా ఒళ్ళంతటికీ తెలిసింది.

"లోపట ఎవరుంటరు?"

వదిన కదిలింది. నా చెయ్యి వదిలేసింది. ఆ ఆయాసంలోనే ఆమె గొంతు వింతగా మెత్తబడింది. దుకాణంలో, ఇంట్లో, ఎప్పుడూ నేను వినని గొంతు.

"నేను... బిడ్డా... నేనుం..."

చటుక్కున ఆమె నోరు మూశాను. అరచేత్తో అదిమి పట్టాను. ఊపిరి అందక కొట్టుకుంటున్న మనిషి నోరు! ఆమె నా మణికట్టు పట్టుకుని గుంజింది, నా చెంప మీద కొట్టింది. నేను వదల్లేదు. ఆమె తలను నా గుండెకు అదుముకుని, ముక్కుకు నా వేళ్ళు తగలకుండా చూసుకుంటూ, ఏడుస్తూ, "అనకు వదినా, నీ కాళ్ళు మొక్కుత, అనకు" అని చెవిలో చెబుతూనే ఉన్నాను.

"ఎవరుంటరు?"

ఆ గుసగుసలో ఇప్పుడు విసుగుంది.

"ఎవ్వలుండరు!" అని అరిచాను. అరిచి, వదిన చంకల కింద చేతులు వేసి లేపి, చీకట్లోకి కాలు ఎత్తి తన్నాను. కాలికి గోడ తగిలింది. ఆటవస్తువులా తగల్లేదు. రాయిలా తగిలింది. కాలి వేళ్ళలో ఏదో విరిగింది. మళ్ళీ తన్నాను. మళ్ళీ. మళ్ళీ... ఒక్కసారిగా గలగలమని రాలిపోయింది. పాదాల కింద ఇటుకలు గుచ్చుకుంటుంటే వదినను ఈడ్చుకుంటూ మెట్లు ఎక్కాను. ఒక్కో మెట్టుకూ ఆమె బరువెక్కుతోంది. కింద నుంచి ఎవరో ఆమె చీర కొంగు పట్టుకుని మెల్లగా, మారాం చేస్తున్నట్టు, గుంజుతున్నారు. నేను వెనక్కి చూడలేదు.

పైకి చేరి తల తలుపుకేసి కొట్టాను. చేతులు ఖాళీ లేవు మరి. బయట గొళ్ళెం తీసిన చప్పుడు. తలుపు తెరుచుకుంది. ఎదురుగా మా ఆయన, తడిసి ముద్దయి, చేతిలో వెలుగుతున్న కందిలితో. బయట ఇంకా పూర్తిగా పొద్దు కూడా గుంకలేదు.

వదినను వాకిట్లోకి మోసుకొచ్చాం. మాత్ర మింగించి, వేడి నీళ్ళు తాగించి, వీపు నిమిరితే చాలాసేపటికి ఊపిరి దారిలో పడింది. ఆమె కొంగు అంచు చినిగి ఉంది. ఆమె నా వైపు చూసింది. నా చెయ్యి తీసుకుని తన చెంపకు ఆనించుకుంది.

అప్పుడు నాకు కోపం వచ్చింది.

"బయటికెల్లి గొళ్ళెం ఎవరు పెట్టిన్రు? మేము చచ్చిపోతుంటిమి!"

మా ఆయన తెల్లబోయాడు. "నువ్వే గద పెట్టుమంటివి."

"నేనా?"

"ఇందాక నేను అస్తి గద. తలుపు జరంత తెరిచి నువ్వే మాట్లాడితివి. ఇంక కట్టుడు కాలేదు, గొళ్ళెం పెట్టుకొని పో, ఎవలన్న అస్తే పని ఆగుతది అంటివి. మూటలు గూడ నువ్వే అందిస్తివి. బండికి ఎక్కిచ్చి అస్తున్న."

కందిలి తీసుకుని ఆయనే కిందికి పోయాడు. వెంటనే తిరిగి వచ్చి మెట్ల మీదే నిలబడిపోయాడు. నేను కుట్టిన మూటలన్నీ గోడవారగా, నీలం అడ్రసులతో, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయట.

దూరంగా స్టేషను వైపు నుంచి బండి కూత వినపడింది. ఔరంగాబాద్ వైపు పోయే బండి.

"నా గొంతేనా?" అని అడిగాను.

"నీ గొంతే." ఆయన పెదవులు తడుపుకున్నాడు. "చీకట్ల మొకం కనవడలే. చేతులే కనవడ్డయి. అన్ని మూటలు జల్దిజల్ది ఇచ్చినవు. ఆఖరుది, ఆ పెద్దది, అది మటుకు ఎంతసేపటికీ ఇయ్యలేదు."

"ఎందుకు?"

ఆయన వదిన వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఒళ్ళె వెట్టుకొని జోకొట్టినవు. పండుకున్నంక ఇచ్చినవు."