గోడ మీద గాడిదల బళ్ళు

ఆ సందులోకి చీకటిపడ్డాక ఎవరూ వెళ్ళరు.

వెళ్ళరంటే వెళ్ళరు, అంతే. కాళ్ళు నొప్పి పుట్టినా సరే చుట్టు తిరిగి పెద్దరోడ్డు మీదుగా పోతారు గానీ, మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ పక్కనుంచి మాత్రం పోరు. ఒకప్పుడు అక్కడ ఐసు దిమ్మలు మోసే మనిషి ఒకడు చల్లగదిలో ఉండగా, ఎవరో చూసుకోకుండా బయట గడియ పెట్టేశారట. తెల్లారి తలుపు తీసేసరికి... చెయ్యి పైకి లేచి ఉందట. తలుపు తడుతున్నట్టే. బిగుసుకుపోయి.

అది పాత సంగతి. దానికే జనం సగం హడలిపోయి ఉన్నారు. ఈమధ్య ఇంకోటి మొదలైంది.

ఫ్యాక్టరీకి ఎదురుగా ఒక గోడౌను గోడ ఉంది. కొత్తగా సున్నం కొట్టిన గోడ, పాలలాగా తెల్లగా ఉంటుంది. రాత్రిళ్ళు ఆ గోడ మీద సైన్యం కనపడుతుందట!

తాటిచెట్లంత మనుషులు. వరసలు వరసలుగా. చేతుల్లో కరెంటు స్తంభాలంత ఈటెలు. వాళ్ళ వెనక చెవులు నిక్కించిన జంతువులు — గుర్రాలు కాదు, గాడిదలు. ఆ గాడిదలు లాగే బళ్ళు. బళ్ళ మీద గడ్డాలవాళ్ళు. కదలరు, మెదలరు. అలా చూస్తూ ఉండగానే... పైనుంచి ఒక చెయ్యి దిగుతుందట. గోడంత చెయ్యి. ఒక సైనికుణ్ణి రెండు వేళ్ళతో పట్టుకుని ఎత్తుకుపోతుందట.

తర్వాత లోపల ఎముకలు గలగలలాడిన చప్పుడు. ఆ తర్వాత గుసగుస —

"ఇంకో ముగ్గురు పోయారు..."

ఇదంతా కుట్టుపిల్లకి చెప్పింది ఇంటిగలావిడ. కుట్టుపిల్లంటే ఆవిడ ఇంట్లో మేడమీది గదిలో అద్దెకుంటూ బట్టలు కుట్టే అమ్మాయి. పెళ్ళయి మూడేళ్ళయినా వీధిలో అందరికీ ఆమె ఇంకా కుట్టుపిల్లే. వాళ్ళాయన కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీస్తాడు. ఒకరినొకరు ఇష్టపడి చేసుకున్నారు. గదిలో ఒక మంచం, ఒక మిషను, ఒక కిటికీ. కిటికీలోంచి చందమామ వస్తే ఇద్దరూ దీపం ఆర్పేసి కూర్చునేవాళ్ళు. కరెంటు ఆదా అని పైకి చెప్పుకునేవాళ్ళు గానీ, అసలు సంగతి వేరే.

అలాంటి ఇంట్లోకి అనుమానం వచ్చింది.

"అవన్నీ కట్టుకథలు పెద్దమ్మా," అంది కుట్టుపిల్ల, దారం కొరుకుతూ.

"కట్టుకథలైతే మరి మీ ఆయన నిన్న రాత్రి ఆ సందులోకి ఎందుకు తిరిగాడమ్మాయ్? నా కళ్ళతో చూశాను."

దారం నోట్లోనే ఉండిపోయింది.

"షాపులో సరుకు లెక్కలు చూస్తున్నారుట, ఆలస్యమవుతుందన్నాడే..."

"మగాడు రాత్రిపూట దొంగచాటుగా తిరుగుతున్నాడంటే ఒకటి దెయ్యం పట్టి ఉండాలి, లేదా ఆడది పట్టి ఉండాలి. దెయ్యమైతే ఎలాగో వదిలిస్తాం. రెండోదానికి నా దగ్గర మందు లేదు తల్లీ," అని ఇంటిగలావిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది. నిప్పు పెట్టినవాళ్ళు ఎప్పుడూ తీరిగ్గానే నడుస్తారు.

కుట్టుపిల్ల మిషను ఆపేసి కూర్చుంది. అప్పుడు ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి.

వారానికి రెండు మూడు రాత్రులు వెళ్తాడు. ఇంటికొచ్చేసరికి గోళ్ళ సందుల్లో రాగిరంగు ఉంటుంది. అద్దాలు అరగదీసేవాడికి రంగెక్కడిది? అన్నిటికన్నా ముఖ్యంగా — ఆ టేపు!

"నా టేపేది?" అని ఆమధ్య అడిగింది.

"ఏ టేపు?"

"ఇంట్లో పది టేపులున్నాయేంటి? కొలతల టేపు."

"మిషను కింద పడిందేమో చూడు," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మిషను కింద లేదు. పొద్దున్న లేచేసరికి మాత్రం మిషను మీదే ఉంది. అదీ బుద్ధిగా చుట్టచుట్టి! ఆమె ఎప్పుడూ టేపుని చుట్టదు, మెడలో వేసుకుంటుంది, లేకపోతే కుర్చీ మీద పడేస్తుంది. విప్పి చూస్తే దాని మీద రాగిరంగు వేలిముద్ర.

కొలతల టేపు దేనికి తీసుకెళ్తారు? ఎవర్నో కొలవడానికి. ఎవర్ని? ఏ నడుముని? అదీ నా టేపుతోనే!

పైగా నిద్రలో కలవరింతలు కూడా. "ఈ ఒక్కసారికి దాటనివ్వండి..." అని బతిమాలాడు మొన్న. ఆ "అండి" దగ్గరే ఆమె గుండె భగ్గుమంది. కట్టుకున్నదాన్ని "ఒసేయ్" అంటాడు. ఆవిడగారికేమో "అండి" నా!

ఆ రాత్రి అతను చొక్కా తొడుక్కుంటూ, "సరుకు లెక్కలు..." అన్నాడు.

"ఊ," అంది. నిద్ర వస్తున్నట్టు గోడవైపు తిరిగింది.

అతను మెట్లు దిగిన చప్పుడు ఆగగానే లేచింది. టేపు లేదు.

ఇక ఆలోచించలేదు. వెనకాలే నడిచింది, నీడలు చూసుకుంటూ. నడుస్తుంటే ఒకటే దడ — దెయ్యం గురించి కాదు. అక్కడ నిజంగా ఎవరైనా ఉంటే తనెక్కడికి పోవాలి? పుట్టింటి తలుపు ఎప్పుడో మూసుకుపోయింది. పెళ్ళి రోజున నాన్న గుమ్మంలో నిలబడి, "ఇక నా నోటినుంచి నీతో ఒక్క మాట రాదు," అన్నాడు. అన్నట్టే రాలేదు. బజార్లో ఎదురుపడితే పక్క షాపు బోర్డు చదువుకుంటూ పోయేవాడు. అక్కడ ఒక తలుపు, ఇక్కడ ఇంకో తలుపు... రెండూ మూసుకుపోతే మనిషి మధ్యలో ఎలా నిలబడుతుంది?

సందు మలుపు తిరిగింది.

గోడ ఖాళీగా ఉంది. తెల్లగా. నిశ్శబ్దంగా.

ఊపిరి పీల్చుకుందో లేదో... గోడ మీద వెలుగు పడింది. ఆ వెలుగులో — లేచారు!

నిజంగానే లేచారు. ఇంటిగలావిడ ఒక్క ముక్క కూడా ఎక్కువ చెప్పలేదు. ఈటెలు, గడ్డాలు, గాడిద చెవులు, గుండ్రటి పెద్ద చక్రాలు. గోడ కింది నుంచి పైదాకా వాళ్ళే. కుట్టుపిల్ల నోరు తెరిచింది, అరుపు రాలేదు.

చెయ్యి దిగింది.

ఆ చేతిలోంచి ఒక పాము జారింది. సన్నగా, పొడుగ్గా... సైన్యం తలల మీదుగా పాకుతూ ఒక బండి ముందు ఆగింది. నిటారుగా సాగింది. పాములు అలా సాగవు. దాని కొసన చిన్న రేకు ముక్క.

రేకు ముక్క?

అది తన టేపు!

అంతే, భయం ఎటుపోయిందో పోయింది. ఒళ్ళంతా మండింది. దెయ్యాలైనా సరే, తన టేపుతో ఆటలాడితే ఊరుకుంటుందా? ఫ్యాక్టరీ గోడలో ఒకప్పుడు ఐసు దిమ్మలు బయటికి తోసే కిటికీ ఉంది. వెలుగు అందులోంచే వస్తోంది. వంగి, పక్కనుంచి ఒక కన్ను పెట్టి చూసింది.

లోపల మంచమంత బల్ల. బల్ల మీద మట్టిగోడల ఊళ్ళు రెండు, మధ్యలో నీలం రంగేసిన కాలవ. కాలవకి అటూ ఇటూ బొటనవేలంత సైనికులు. రాగిరంగు టోపీలు. గాడిదల బళ్ళు. బల్ల అవతల డబ్బా మీద నిలబెట్టిన టార్చిలైటు. ఆ వెలుగే వాళ్ళని గోడంత చేసి బయట పడేస్తోంది.

ఆ సైనికులు ఆమెకి తెలుసు.

చిన్నప్పుడు ముట్టుకుంటే చేతి మీద ఒక్కటి పడేది. "వేల ఏళ్ళ కిందట రెండు నదుల మధ్య సుమేరు అని ఒక దేశం ఉండేదే. ఒక్క కాలవ నీళ్ళ కోసం రెండు ఊళ్ళు తరతరాలు కొట్టుకున్నాయి," అని చెప్పేవాడు, వాటిని పోతపోసిన మనిషి. పగలంతా ఇత్తడి కుళాయిలు పోసి, రాత్రి తగరంతో ఈ సైనికుల్ని పోసేవాడు. "వాళ్ళకి గుర్రాల్లేవు, గాడిదలే. ఆ చక్రాలు చెక్కపలకలు. ముందుకైతే పోతాయి. వెనక్కి తిరగాలంటే మాత్రం చచ్చేంత పని."

బల్లకి ఒకవైపు ఆమె మొగుడు. రెండోవైపు... నాన్న.

"కొలవవయ్యా, సరిగ్గా కొలువు. కాలవ దాటడానికి నీ బండికి ఇంకా బెత్తెడు తక్కువుంది."

"ఈ ఒక్కసారికి దాటనివ్వండి మామయ్యగారూ."

"యుద్ధంలో ఈ ఒక్కసారికి అంటూ ఉండదు. అయినా రాజుని ముందుకి తోసి, ఈటెలవాళ్ళని వెనక దాచుకుంటారుటయ్యా ఎవరైనా?"

"వాళ్ళు కొంచెం మొహమాటస్తులండీ."

"ఏడాదినించీ చూస్తున్నాను. నీలాంటి సేనాపతి దొరికుంటే ఆ సుమేరువాళ్ళు గాడిదకే పట్టం కట్టేవాళ్ళు." నాన్న నవ్వలేదు. గొంతు తగ్గించి అడిగాడు. "ఎలా ఉంది?"

"బాగానే ఉందండీ. దగ్గు తగ్గింది. కానీ నన్నే ఈమధ్య అదోలా చూస్తోంది. మీ కొలకర్ర విరిగినప్పట్నుంచీ దాని టేపు పట్టుకొస్తున్నానా... చెప్పేద్దామండీ."

"వద్దు. మాట మాటే. నువ్వు ఒక్క యుద్ధం గెలువు. మర్నాడు పొద్దున్నే మీ గుమ్మంలో ఉంటాను, దాన్ని నోరారా పిలుస్తాను. గెలవనన్నాళ్ళూ ఈ సంగతి దానికి తెలియకూడదు. ఇక్కడైతే దెయ్యానికి జడిసి పురుగు కూడా రాదు."

కుట్టుపిల్ల కిటికీ రేకు గట్టిగా పట్టుకుంది. ఏడుపు వస్తోందో నవ్వు వస్తోందో ఆమెకే తెలియలేదు.

"సరే, కాచుకో. నా బండి నీ రాజు మీదికి వస్తోంది," అని నాన్న పాచిక రేకుగ్లాసులో వేసి గలగలలాడించాడు. "అయిదు గానీ ఆరు గానీ పడితే నీ రాజు అయిపోయినట్టే."

వేశాడు. అదే క్షణాన నాన్న మోచెయ్యి తగిలి ఒక ఈటెలవాడు బల్ల కింద పడ్డాడు. అల్లుడు వంగి వెతుకుతున్నాడు.

పాచిక ఆగింది. ఆరు.

నాన్న దాని వంక చూశాడు. వంగిన అల్లుడి వీపు చూశాడు. దొంగలా అటూ ఇటూ చూశాడు. చిటికెన వేలితో పాచికని మెల్లిగా... ఒకటికి తిప్పాడు. అది చాలదన్నట్టు, తన రాజు బండిని కాపలావాళ్ళ మధ్యనుంచి లాగి, శత్రువుల ఈటెల ముందుకి తోసేశాడు. తర్వాత పెద్ద నిట్టూర్పు.

"ఛ, ఒకటే పడిందయ్యా! నీ అదృష్టం."

ఆమెకి తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది —

"నాన్నా... తొండి!"

ఖాళీ ఫ్యాక్టరీ ఆ మాటని పట్టుకుని గదిగదికీ తిప్పింది. తొండి... ండి... ండి...

డబ్బా మీది టార్చిలైటు దొర్లి కిందపడింది. అల్లుడు మామగారిని వాటేసుకున్నాడు. మామగారు అల్లుణ్ణి వాటేసుకున్నాడు.

"చ... చల్లగది వాడు..." అన్నాడు నాన్న.

"వాడికి ఆట కూడా వచ్చాండీ?" అన్నాడు అల్లుడు, పళ్ళు టకటకలాడుతుండగా.

కిటికీ లోపలి రేకు మీదుగా తెల్లటి ఆకారం ఒకటి జర్రున జారి వచ్చి, వాళ్ళ ముందు పడింది. జుట్టంతా సున్నం, బూజు. లేచి నిలబడింది. అల్లుడు టార్చి వెతికి మొహం మీద వేశాడు.

నాన్న ముందు తేరుకున్నాడు. చూపు తిప్పి, గోడతో చెబుతున్నట్టు అన్నాడు. "అబ్బాయ్, మీ ఆవిణ్ణి ఇంటికి తీసుకుపో. యుద్ధం ఇంకా అవలేదు. నేను మాట్లాడకూడదు."

"మీ మామగారికి చెప్పు," అంది ఆమె మొగుడితో, ముక్కు ఎగబీలుస్తూ. "ఆరుని ఒకటి చెయ్యడం నేను కళ్ళారా చూశానని చెప్పు."

"ఆరా!" అన్నాడు అల్లుడు. "ఆరు పడిందా మీకు? అయితే నా రాజు పోయినట్టేగా!"

"నువ్వు నోర్ముయ్యవయ్యా."

"ఎన్నిసార్లు తిప్పారో కూడా అడుగు," అంది ఆమె. "అంత తిప్పినా గెలవలేకపోయావా నువ్వు?"

అల్లుడు తల దించుకున్నాడు. నాన్న తల దించుకున్నాడు. దించుకున్నవాడు అలాగే ఆగిపోయాడు. టార్చి వెలుగు నేల మీద పడి ఉంది. ఆ వెలుగులో ఆమె పాదాలు — చప్పుడవుతాయని చెప్పులు ఇంట్లోనే వదిలేసి వచ్చింది. మడమ దగ్గర ఏ గాజుపెంకో గీసుకుని సన్నగా రక్తం కారుతోంది.

నాన్న ఆ మడమ వంకే చూశాడు. పెదాలు బిగించాడు. బిగించి, బిగించి...

"కాళ్ళకి చెప్పులేవే?" అన్నాడు.

అని, చప్పున నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. కానీ మాట అప్పటికే బయటికి వచ్చేసింది.